బాతు పడాలంటే డబ్బా టీవీ ఉండాలి

కిందటి నెల మా వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. "పాత టీవీలు, కూలర్లు, ఇనప సామాన్లు కొంటాం" అని మైకులో రికార్డు మోగుతుంటే మా వారు నా వైపు ఓ చూపు చూశారు. అది దేని గురించో నాకు తెలుసు. వెనక గదిలో బియ్యం డ్రమ్ము పక్కన ఒక డబ్బా టీవీ ఉంది. బాపట్లలో బాబాయి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసినప్పుడు నేనే తెనాలికి తెచ్చుకున్నాను. దాంతోపాటు ఒక అట్టపెట్టె కూడా వచ్చింది. అందులో పాత వీడియో గేమ్, కొన్ని క్యాసెట్లు, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ ఉన్నాయి.

"గేమ్ ఉంచుకో, టీవీ ఇచ్చేద్దాం. మనిషి పట్టేంత చోటు తినేస్తోంది" అన్నారు.

కుదరదన్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆ ఆటపెట్టె పుట్టిల్లు జపాన్. క్యోటోలో 1889లో పేకముక్కలు తయారుచేసే దుకాణంగా మొదలైన నింటెండో కంపెనీ, 1983 జులై 15న ఫ్యామికామ్ అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ధర 14,800 యెన్లు. మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు దాని తయారీకి పెద్ద దిక్కు. 1985లో దాన్నే రూపం మార్చి ఎన్.ఇ.ఎస్. అన్న పేరుతో అమెరికాకు పంపారు. రెండూ కలిపి ప్రపంచంలో ఆరు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

మన ఊళ్ళకు వచ్చినవి అవి కావు. తైవాన్, చైనా వైపు నుంచి వచ్చిన నకళ్ళు. 1990లలో మన దేశంలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అంటూ రకరకాల పేర్లతో ఇలాంటి పెట్టెలు అమ్మారు. లోపల ఆటలు మాత్రం అవే. మారియో, కాంట్రా, బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్. క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని ఉండేది. నిజానికి అందులో పట్టుమని పాతిక ఆటలుంటే గొప్ప. వాటినే పేర్లు మార్చి, మధ్య లెవెల్ నుంచి మొదలయ్యేట్టు చేసి మళ్ళీ మళ్ళీ చూపించేవాళ్ళు. మేం లక్షల ఆటలున్నాయనే నమ్మి, వేసవి సెలవుల్లో ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయేవాళ్ళం.

అది దొంగ సరుకే. కాదనను. కానీ ఆ దొంగ సరుకు రాకపోతే రేపల్లె పిల్లకి మారియో ఎవరో తెలిసేదే కాదు. విదేశాల్లో పాత గేములు సేకరించేవాళ్ళు అసలు పెట్టె, అసలు అట్ట, అసలు పుస్తకం ఉన్నాయా అని చూస్తారు. ఆ లెక్కన మా అట్టపెట్టెకి విలువ సున్నా. మా వరకు మాత్రం ఆ నకలే అసలు. మేం ఆడింది దానిమీదే కదా.

మాది రేపల్లె. ఊళ్ళో గంటకింతని డబ్బులు తీసుకుని ఆడించే వీడియో గేమ్ కొట్టు ఉండేది. అన్నయ్య రోజూ వెళ్ళేవాడు. ఆడపిల్లలం అందులోకి వెళ్ళేవాళ్ళం కాదు. ఎవరూ వెళ్ళొద్దని చెప్పలేదు, వెళ్ళమనీ అనలేదు. అన్నయ్య పదో తరగతి పాసయ్యాక నాన్న తెనాలి తీసుకెళ్ళి, బేరమాడి సెట్టు కొనిపెట్టారు. మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. రంగుల టీవీ బాపట్ల బాబాయి ఇంట్లో ఉంది. కాబట్టి సెలవులివ్వగానే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి, సెట్టు ఒళ్ళో పెట్టుకుని బాపట్ల వెళ్ళేవాళ్ళం. చివరికి అది అక్కడే ఉండిపోయింది.

గేమ్ తగిలించాలంటే టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి దీని తీగ గుచ్చాలి. తర్వాత చానల్ కుదిరేదాకా ట్యూనింగ్ తిప్పుతూ ఉండాలి. సాయంత్రానికి దూరదర్శన్ ఎక్కడికో పోయేది. బాబాయి వార్తల టైముకి వచ్చి చుక్కలు చూసి మమ్మల్ని వెతికేవాడు.

రెండు రిమోట్లుండేవి. మొదటిదానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉన్నాయి. రెండోదానికి లేవు. నాది ఎప్పుడూ రెండోదే. ఆట మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా అన్నయ్యే. మంచినీళ్ళకు లేవాలన్నా వాణ్ణి అడగాలి. రెండో రిమోట్ అంటే చెల్లెలి రిమోట్ కాబట్టి అలా చేశారని చాలా ఏళ్ళు అనుకున్నాను! అసలు సంగతి తర్వాత తెలిసింది. జపాన్ ఫ్యామికామ్‌లో రెండో రిమోట్‌కి ఆ బటన్లు తీసేసి చిన్న మైకు పెట్టారు. మా నకలు తయారుచేసినవాళ్ళు మైకు పెట్టలేదు, బటన్లూ పెట్టలేదు.

కానీ తుపాకీ ఆటలో మాత్రం నన్ను కొట్టినవాళ్ళు లేరు. డక్ హంట్ అని 1984 నాటి ఆట. గడ్డిలోంచి బాతులు ఎగురుతాయి, కాల్చాలి. తప్పితే కుక్క లేచి నవ్వుతుంది. అన్నయ్యని చూసి అది నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది.

మొన్న మా అబ్బాయి ఆ తుపాకీని గోడమీది కొత్త టీవీకి గురిపెట్టాడు. అరగంట కాల్చినా ఒక్క బాతూ పడలేదు. "పాడైపోయిందమ్మా" అన్నాడు. పాడైంది తుపాకీ కాదు. అందులోంచి బయటికి వచ్చేదేమీ ఉండదు. అది వెలుగును చూసే కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే తెర కనురెప్పపాటు నల్లబడి, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి గడి ఒకటి వెలుగుతుంది. తుపాకీకి ముందు చీకటి, వెనకే వెలుగు కనిపిస్తే బాతు పడ్డట్టు. డబ్బా టీవీ బొమ్మను అందిన క్షణంలోనే గీసేస్తుంది. కొత్త టీవీ దాన్ని సరిచేసి చూపించడానికి కాస్త టైము తీసుకుంటుంది. ఆ కాస్తలోనే తుపాకీ చూడటం అయిపోతుంది. అందుకే ఆ టీవీ వెళ్తే నా బాతులూ వెళ్ళినట్టే.

ఆ అట్టపెట్టె తెరిచినప్పుడు క్యాసెట్ల పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రం దగ్గరి ఊరు, ఉప్పుగాలి. పైగా చిన్నప్పుడు గేమ్ రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ఫుమని ఊదేవాళ్ళం. నోటి తడి రాగికి చెరుపు అని నింటెండోవాళ్ళే ఊదొద్దని చెప్పారట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి మెల్లగా తుడిచాను. ఏడింటిలో అయిదు పలికాయి. మీ ఇళ్ళలో ఉంటే నీళ్ళతో మాత్రం కడక్కండి. పాత అడాప్టర్‌ని రిపేరు అబ్బాయికి చూపించకుండా ప్లగ్గులో పెట్టకండి.

మధ్యలో ఇంకా చాలా వచ్చాయి. మద్యం వ్యాపారానికి పేరున్న షా వాలెస్ కంపెనీ 1990ల మధ్యలో సేగా గేములు అమ్మింది. మా బడ్జెట్‌కి అందలేదు. తర్వాత ప్లేస్టేషన్ 2 వచ్చింది. తెలుగువాళ్ళు దాచుకోదగ్గ డిస్కు ఒకటి దాంట్లోనే ఉంది. హైదరాబాదులో అరోనా టెక్నాలజీస్ వాళ్ళు చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', 2009లో విడుదలైంది. దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడమేమిటని అమెరికాలో కొందరు అభ్యంతరం కూడా చెప్పారు. ఎక్కడైనా అటక మీద దొరికితే పారేయకండి.

బండివాడికి ఆ రోజు పాత కూలర్ ఇచ్చి పంపించాం. టీవీ మాత్రం ఉంది. డ్రమ్మును వంటింట్లోకి జరపాలని మా వారి షరతు. జరిపాను.

అన్నయ్యకి ఫోను చేసి అయిదు క్యాసెట్లు పనిచేస్తున్నాయని చెప్పాను. సంక్రాంతికి వస్తాడట. "మొదటి రిమోట్ నాది, ఎవరికీ ఇవ్వకు" అన్నాడు.

"ముందు వచ్చి రెండోదాంతో కూర్చో" అన్నాను.