ఖరాబాత్ వీధి

పారశీకంలో ఖరాబాత్ అంటే శిథిలాల చోటు. సూఫీ కవులు అదే మాటను మధుశాలకూ, మనిషి 'నేను'ను వదిలేసే తావుకూ వాడుకున్నారు. పాత కాబూల్‌లో బాలా హిసార్ కోటకు దగ్గరగా ఉన్న పాటగాళ్ల వీధి పేరు అదే. చాలాకాలం ఆ పేరుకు కవుల అర్థమే చెల్లింది. నిఘంటువు అర్థం 1992 తరువాత వచ్చింది.

1860ల్లో అమీర్ షేర్ అలీ ఖాన్ మన దేశం నుంచి గాయకులను, వాద్యకారులను తన కొలువుకు రప్పించి, ఆ ప్రాంతంలో ఇళ్లిచ్చాడు. వాళ్ల బిడ్డలు అక్కడి భాష మాట్లాడుతూ అఫ్గాన్లే అయిపోయారు. మన భైరవి వాళ్ల నోట బైరమి అయింది. గురువు శిష్యుడి చేతికి దారం కట్టాకే విద్య మొదలు. ఆ వీధి ఉస్తాద్ కాసిమ్‌ను ఇచ్చింది. సరాహంగ్‌ను ఇచ్చింది. సరాహంగ్ పటియాలా ఘరానాలో ఆషిక్ అలీ ఖాన్ దగ్గర ఏళ్ల తరబడి శుశ్రూష చేసి తిరిగి వెళ్లి, పారశీక కవి బేదిల్ గజళ్లు పాడాడు. బేదిల్ సమాధి ఢిల్లీలో ఉంది. ఆయన కవిత్వానికి ప్రాణం మాత్రం కాబూల్ గొంతులో ఉండేది.

ఇక రుబాబ్. మల్బరీ మొద్దును తొలిచి, మేకతోలు బిగించి చేసే వాద్యం. మన సరోద్‌కు పూర్వరూపం. మీటే తీగలు మూడే. వాటి పక్కన వరుసగా ఉండే సన్నని తీగలు ఎవరూ ముట్టకుండానే కంపించి బదులు పలుకుతాయి. ఉస్తాద్ మహమ్మద్ ఉమర్ 1974లో అమెరికా వెళ్లి ఆ వాద్యాన్ని వాయించినప్పుడు తబలాతో తోడున్నది యువకుడైన జాకిర్ హుసేన్.

1992లో ముజాహిదీన్ వర్గాలు కాబూల్ కోసం తమలో తాము కొట్టుకున్నాయి. రాకెట్ల కింద పాత నగరం నేలమట్టమైంది, దానితోపాటు ఖరాబాత్ కూడా. ఉస్తాదులు వాద్యాలు చంకన పెట్టుకుని పెషావర్ చేరారు. ఖలీల్ హౌస్ అనే భవనంలో గదులు అద్దెకు తీసుకుని, పెళ్లి పిలుపుల కోసం ఎదురుచూశారు. కొలువు సంగీతానికి అది ఎంత పతనమో చెప్పక్కర్లేదు. అయినా విద్య ఆగలేదు. రుబాబ్ విద్వాంసుడు హుమాయూన్ సఖీ యువకుడిగా తన వాద్యానికి పదును పెట్టుకున్నది ఆ ఇరుకులోనే.

1996లో తాలిబాన్ వచ్చి సంగీతాన్ని నిషేధించారు. చెక్‌పోస్టుల దగ్గర క్యాసెట్ల టేపు పేగుల్లా వేలాడింది. రేడియో ఉద్యోగులు ప్రాణాలకు తెగించి పాత రికార్డింగులను దాచారు. వాళ్లకు మనం చేతులెత్తి మొక్కాలి.

2001లో తాలిబాన్ పాలన కూలాక కొందరు తిరిగొచ్చారు. 2010లో అహ్మద్ సర్మస్త్ కాబూల్‌లో సంగీత విద్యాలయం తెరిచి, వీధి బాలలకూ ఆడపిల్లలకూ చోటిచ్చాడు. 2014లో ఒక ప్రదర్శనలో బాంబు పేలి ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. కోలుకుని మళ్లీ బడికే వచ్చాడు. అంతా నిలబడుతోందనుకున్న వేళ, 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబాన్ చేతిలో పడింది. పన్నెండు రోజులకు అందరాబ్ లోయలో జానపద గాయకుడు ఫవాద్ అందరాబీని ఇంట్లోంచి ఈడ్చుకెళ్లి కాల్చి చంపారు. విద్యాలయానికి చెందిన 273 మంది పోర్చుగల్ చేరారు. 2023లో హెరాత్‌లో వాద్యాలను కుప్పపోసి తగలబెట్టారు.

రుబాబ్‌ను భుజాన వేసుకుని సముద్రాలు దాటొచ్చు. వీధిని ఎలా మోసుకెళ్తారు? పక్కింటి సాధకం వింటూ నిద్రపోయే పసివాడిని, తప్పు స్వరం పడగానే అరుగు మీంచి కసిరే ముసలి ఉస్తాద్‌ను ఏ దేశం వీసా ఇచ్చి పిలిపిస్తుంది? నాకు తెలిసి ఆ సంగీతం బతికే ఉంది, పోర్చుగల్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ. పుట్టిన ఇల్లు మాత్రం దానికి లేదు.

సరోద్ కచేరీకి వెళ్లినప్పుడు, సరాహంగ్ పాట ఎక్కడైనా దొరికినప్పుడు, ఆ వీధిని ఒకసారి తలుచుకోండి. అక్కడికి పాట వెళ్లింది మన ఇళ్ల నుంచే.