డెవన్ సీమ కడుపునొప్పి

కడుపునొప్పి చరిత్రకెక్కదగిన విషయమా అని పాఠకులు అడుగవచ్చును. రాజులకు, యుద్ధములకు దొరికిన పుటలలో నూరవవంతైనా దానికి దొరకలేదు గనుక ఆ ప్రశ్న సహజమే. అయినను పదునెనిమిదవ శతాబ్దిలో, ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవన్ సీమలో జనులను మంచమెక్కించిన ఒక కడుపునొప్పి కథ నేడు మన వంటింటి నీటిగొట్టము దాకా వచ్చినది. ఆ దారి వెంట కొంత దూరము నడుద్దాము.

డెవన్ ఆపిలు తోటల సీమ. పండ్లను గుండ్రని రాతి తొట్టిలో పోసి, గుర్రము త్రిప్పే రాతిచక్రముతో నలిపి, ఆ పిప్పిని పిండి, రసమును పీపాలలో పులియబెట్టేవారు. దాని పేరు సైడరు. పొలము కూలీకి కూలిలో కొంత భాగము సైడరు రూపముననే ముట్టేది. రోగము తగిలినవానికి మొదట కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధము, ముఖము పాలిపోవుట. ముదిరినచో మణికట్లు వాలిపోయి చేతులు పనికిరాకుండ పోవుట. చేతిపనియే జీవనాధారమైన కూలీ యింట దీని అర్థమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

1724లో ఆపిలు విరగకాసినది. ఆ యేడే నొప్పి సీమంతటా చెలరేగినది. ప్లిమత్ పట్టణపు వైద్యుడు జాన్ హక్సం దానిని శ్రద్ధగా గమనించి, 1739లో లాటిన్ భాషలో ఒక గ్రంథము ప్రకటించినాడు. లక్షణములు చక్కగా వర్ణించినాడు గాని, కారణము దగ్గర దారి తప్పి, దోషమంతయు పండ్ల పులుపుదే అన్నాడు. మేము ఆయనను పెద్దగా తప్పుపట్టము. పులుపు లేనిదే ఆ అనర్థము జరిగెడిది కాదు. అయితే పులుపు దొంగకు తలుపు తీసినది మాత్రమే, దొంగ వేరు.

ఆ దొంగను పట్టినవాడు జార్జి బేకరు. ఆయనా డెవన్‌లో పుట్టినవాడే. సీసముతో పనిచేసేవారికి వచ్చే రోగమునకు, ఈ కడుపునొప్పికి భేదము కనుపించక, తన సీమను హెరిఫర్డ్ సీమతో పోల్చి చూసినాడు. అక్కడా సైడరే తాగుతారు. నొప్పి మాత్రము అరుదు. తేడా యేమనగా, డెవన్‌లో రాతి తొట్టిని పలు ముక్కలుగా చెక్కి, అతుకులలో సీసము కరిగించి పోసేవారు. పిప్పి పిండే పీటకు సీసపు రేకు తాపడము చేసేవారు. బేకరు రెండు సీమల సైడరును పరీక్షించినాడు. గంధకముతో చేసిన ద్రావణమునకు డెవన్ సైడరు నల్లబడినది. హెరిఫర్డ్ సైడరు నల్లబడలేదు. తరువాత డెవన్ సైడరు నుండి సీసమునే వేరుచేసి చూపినాడు. 1767లో లండను రాజవైద్య కళాశాలలో ఈ సంగతి చదివినాడు.

సొంత సీమవారు మెచ్చుకొన్నారా? లేదు. తోటల యజమానులు, మతాచార్యులు, తోటి వైద్యులు కొందరు ఆయనను పుట్టినగడ్డకు ద్రోహియన్నారు. సైడరు వ్యాపారము చెడునేమోనని వారి భయము. అయినను నెమ్మదిగా సీసమును తొలగించినారు. పందొమ్మిదవ శతాబ్ది మొదటి దశాబ్దులకు రోగము సన్నగిల్లినది.

ఈ కథలో మమ్ములను ఆశ్చర్యపరచునది మరొకటి. జర్మనీలోని ఉల్మ్ నగర వైద్యుడు గోకెల్, మురదారుసింగి అనే సీసపు భస్మము కలిపిన ద్రాక్షసారాయి వలననే ఇట్టి నొప్పి వచ్చునని కనిపెట్టగా, 1696లోనే వుర్టెంబర్గు ప్రభువు ఆ కల్తీకి మరణదండన విధించినాడు. ఇక అమెరికాలో, బోస్టను ప్రాంతపు రమ్ము తాగి తమవారికి కడుపునొప్పి, కాళ్లుచేతులు పడిపోవుట కలుగుచున్నవని ఉత్తర కరొలీనా వారు మొరపెట్టుకొన్నారు. వైద్యులు బట్టీలను పరీక్షించగా, బట్టీ మూతలు, ఆవిరిని చల్లార్చే మెలికల గొట్టములు సీసపువని తేలినది. మాసచ్యూసెట్స్ శాసనసభ వాటిని 1723లో నిషేధించినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తాను బాల్యమున విన్న ఈ సంగతిని 1786లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో జ్ఞాపకము చేసుకొన్నాడు. తేదీలు చూడుడు: బోస్టను వారు గొట్టము మార్చిన మరుసటి యేడే డెవన్ విలవిలలాడినది. సముద్రమునకు ఆవలనున్న జ్ఞానము ఈవలికి వచ్చుటకు నలుబది నాలుగేండ్లు పట్టినది.

పులుపు లోహమును తినునని మన ఇల్లాండ్రకు ఒకరు చెప్పనక్కరలేదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచవద్దని మన పెద్దలు అనేవారు కదా. సీసమునకు అంతకు మించిన మాయ యున్నది. పులిసిన రసములో కరిగినపుడు అది ఏర్పరచే లవణము తియ్యగా నుండును. దానికి సీసపు చక్కెర యనియే పేరు. నాలుక హెచ్చరించదు.

తరువాతి కాలమున గొట్టము రబ్బరుదయినది. ఆపైన ప్లాస్టిక్కు వచ్చినది. పి.వి.సి. సహజముగా బిరుసైన పదార్థము. 1926లో అమెరికా రసాయనజ్ఞుడు వాల్డో సీమన్ దానిని నూనెవంటి ద్రవములతో కలిపి మెత్తబరచినాడు. ఆ మెత్తదనములోనే చిక్కు. మెత్తబరచే పదార్థము ప్లాస్టిక్కుతో రసాయనికముగా బంధింపబడదు. వేడి, కొవ్వు, సారాయము తగిలినచో కొంత కొంత వెలికి వచ్చును. తోటకు నీరు పెట్టే గొట్టమునకు ఘాటైన వాసన యుండుట అందరికీ అనుభవమే. అది మొక్కల కొరకు చేసినది, మన కడుపు కొరకు కాదు.

1963లో బ్రిటనులో ఇంట బీరు కాచుకొనుటకు లైసెన్సు అక్కరలేదన్నారు. అమెరికాలో 1978లో అట్టి చట్టమునకే అధ్యక్షుడు కార్టరు సంతకము చేసినాడు. నాటి నుండి అక్కడి గృహస్థులకు, ఏ గొట్టము కొనవలెను అన్న పాత ప్రశ్న క్రొత్తగా ఎదురైనది. తెలుగునాట ఇంట మద్యము కాచుటకు చట్టము ఒప్పదు. ఆ విద్య నేర్పుట మా ఉద్దేశ్యమూ కాదు. గొట్టము సంగతి మాత్రము నీటిని శుద్ధిచేసే యంత్రము గల ప్రతి ఇంటికీ సంబంధించినదే.

మరుగుచున్న రసమునకు వారు సిలికోను గొట్టము వాడుదురు. రెండు వందల సెంటిగ్రేడు డిగ్రీల వేడికి కూడ అది చలించదు. సాధారణపు పి.వి.సి. మరుగునీటికే మెత్తబడి ముడుచుకొనును. అయితే సిలికోను గోడగుండా గాలిలోని ప్రాణవాయువు చొరబడును. అందుచేత చల్లారి పులిసిన బీరు అందులో నిలువయున్నచో రుచి చెడును. అక్కడ ఆహారమునకు తగినదని ముద్రవేసిన పి.వి.సి. లేక పాలిథీను మేలు. అతుకులకు ఇత్తడికన్న స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది. ఇత్తడిలో సీసము కలుపుట కద్దు. ఇన్ని శతాబ్దుల తరువాత కూడ ఆ పాతదొంగ అతుకు దగ్గరనే పొంచియున్నాడు.

ఎంత మంచి గొట్టమైనను కలకాలము ఉండదు. లోపల గీతపడినచోట సూక్ష్మజీవులు చేరును. ఏ బ్రష్షుకూ అందవు. అద్దమువలె నున్న గొట్టము పాలవలె తెల్లబడి, వంచినపుడు బిరుసుగా తోచినచో, కడుగుట మాని మరొకటి కొనవలెను.