ల్యాండ్‌లైన్ బిల్లుకి గండి కొట్టిన చిన్న డబ్బా: ఇంటర్నెట్ ఫోన్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా గురించి మాట్లాడుకుందాం. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదో, టిఫిన్ బాక్స్ అంతదో ఉంటుంది. ఒక పక్క ఇంటర్నెట్ కేబుల్ పెట్టే కన్నం, ఇంకో పక్క పాతకాలం ఫోన్ వైరు పెట్టే కన్నం, అంతే. ఈ డబ్బా కోసం కంపెనీలు కోర్టుకెక్కాయి, ప్రభుత్వాలు చట్టాలు రాశాయి, అమెరికాలో కొన్ని లక్షల ఇళ్ళు ల్యాండ్‌లైన్ పీకేసుకున్నాయి.

మీలో చాలామందికి ఫోన్ కాల్‌కి డబ్బులు అవుతాయన్న సంగతే వింతగా ఉండొచ్చు. వాట్సాప్‌లో గంటసేపు అమెరికా మాట్లాడి పెట్టేస్తాం, లెక్క ఎవరు చూస్తారు? కానీ మీ ఇంట్లో నాన్ననో మేనత్తనో అడగండి. ఎస్టీడీ బూత్‌లో అద్దాల గదిలో నిలబడి, ఎర్ర అంకెలు పరిగెత్తే మీటర్ మీద ఒక కన్నేసి మాట్లాడిన రోజులు చెబుతారు. రాత్రి పొద్దుపోయాక పావు రేటు ఉండేది, దాని కోసం బూత్ ముందు క్యూ కట్టేవాళ్ళు. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు పక్కింటి నంబరిచ్చి, పక్కన 'పీపీ' అని రాసేవాళ్ళు. విజిటింగ్ కార్డుల మీద కూడా! 1990ల చివర్లో మన దగ్గర్నుంచి అమెరికాకి ఐఎస్‌డీ అంటే నిమిషానికి 60 రూపాయల దరిదాపుల్లో ఉండేది. అప్పటి జీతాలతో పోల్చుకుని చూడండి.

ఇంత ఖరీదు ఎందుకు? వైర్లకు అంత ఖర్చవుతుందా? అసలు కథ ఇక్కడే ఉంది.

పాత టెలిఫోన్ పద్ధతిలో మీరు కాల్ చేస్తే, మీకూ అవతలివాళ్ళకూ మధ్య ఒక దారి మొత్తం మీ పేరున రిజర్వ్ అయిపోతుంది. డిజిటల్ ఎక్స్‌చేంజి మీ గొంతుని సెకనుకి 8000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతకి 8 బిట్లు రాస్తుంది. అంటే సెకనుకి 64,000 బిట్లు. మీరు మాట్లాడినా, మౌనంగా ఉన్నా, అవతలి మనిషి 'ఉండు, పాలు పొంగుతున్నాయి' అని వంటింట్లోకి పోయినా ఆ దారి మీదే. ఇంకెవరూ వాడుకోలేరు. బస్సులో ఒక్కరి కోసం సీట్లన్నీ బుక్ చేసినట్టు.

సరే, అది టెక్నాలజీ ఖర్చు. దాని మీద ఇంకో మెట్టు ఉంది. దేశానికీ దేశానికీ మధ్య కాల్ వెళ్తే, కాల్ మొదలైన దేశపు కంపెనీ, కాల్ అందుకున్న దేశపు కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టాలి. మన దేశంలో అందుకునేది విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్. 1986లో పుట్టిన ఈ ప్రభుత్వ సంస్థకి అంతర్జాతీయ కాల్స్ మీద గుత్తాధిపత్యం. అమెరికా నుంచి ఇండియాకి వచ్చే కాల్స్ ఎక్కువ, ఇక్కడి నుంచి వెళ్ళేవి తక్కువ. కాబట్టి ప్రతి ఏడూ అటు నుంచి ఇటు డాలర్లు ప్రవహించేవి. అంటే న్యూజెర్సీలో ఉన్న కొడుకు అమ్మతో మాట్లాడే ప్రతి నిమిషంలో కొంత భాగం ఒక దేశం ఆదాయం. 1997లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇక చాలంది. పేద దేశాలకైనా సరే నిమిషానికి 23 సెంట్లు మించి మా కంపెనీలు కట్టకూడదని పరిమితి పెట్టింది, దశలవారీగా అమలు చేయమంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంటర్నెట్ ఫోన్ దెబ్బకొట్టింది వైర్ల ఖర్చుని మాత్రమే కాదు. ఈ లెక్కల పుస్తకాన్నే అది పక్కనపెట్టేసింది.

మాటని ముక్కలు చేసి కంప్యూటర్ నెట్‌వర్క్ మీద పంపొచ్చన్న ఆలోచన 1970లదే. ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్ మీద డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1974 నాటికే గొంతు పంపి చూశారు. కానీ మామూలు మనిషి చేతికి వచ్చింది 1995 ఫిబ్రవరిలో. ఇజ్రాయెల్‌లో వోకల్‌టెక్ అనే చిన్న కంపెనీ 'ఇంటర్నెట్ ఫోన్' అనే సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పెట్టింది. ఆ కంపెనీని స్థాపించింది అలోన్ కోహెన్, లియోర్ హరమాటీ అనే ఇద్దరు. ఈ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

దాంతో మాట్లాడటం ఒక ప్రహసనం. ఇద్దరికీ కంప్యూటర్ ఉండాలి, సౌండ్ కార్డ్ ఉండాలి, ఇద్దరూ ఒకే టైమ్‌లో ఆన్‌లైన్‌లో ఉండాలి. మోడెమ్ స్పీడ్ సెకనుకి 14,400 బిట్లో 28,800 బిట్లో. 64,000 బిట్ల గొంతు అందులో పట్టదు కాబట్టి నలిపి నలిపి పంపాలి. మొదట్లో ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు వినాల్సిందే, పోలీసు వాకీటాకీలా. ఆలస్యం, గరగర, మధ్యలో మాటలు మింగేయడం. అయినా జనం ఎగబడ్డారు. ఎందుకంటే దూరంతో సంబంధం లేదు. పక్క వీధికైనా టోక్యోకైనా ఒకటే లెక్క.

భయం ఎవరికి పుట్టిందో చూడండి. 1996 మార్చిలో అమెరికాలో చిన్న, మధ్యతరహా లాంగ్ డిస్టెన్స్ కంపెనీల సంఘం ఒకటి ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టుకుంది. ఈ సాఫ్ట్‌వేర్ అమ్మకాలు ఆపండి, మేం ఫీజులు కట్టి వ్యాపారం చేస్తుంటే వీళ్ళు ఏమీ కట్టకుండా అదే పని చేస్తున్నారు అని. వాళ్ళ బాధలో న్యాయం బొత్తిగా లేదనను. కానీ సాఫ్ట్‌వేర్‌ని నిషేధించమనడం అతి. ఎఫ్‌సీసీ ఆ పని చేయలేదు. ఆ రోజు గనక ఊఁ అని ఉంటే తర్వాతి ఇరవై ఏళ్ళ కథ వేరేగా ఉండేదని నాకనిపిస్తుంది.

ఇక మన డబ్బా దగ్గరికి వద్దాం. కంప్యూటర్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవడం కుర్రాళ్ళకి బాగుంటుంది. అమ్మమ్మకి కుదరదు. ఆవిడకి ఫోన్ మోగాలి, ఎత్తాలి, 'హలో' అనాలి. ఆ పని చేసేదే ఈ అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్. మీ పాత ఫోన్‌కి అది అబద్ధం చెబుతుంది, 'నేనే ఎక్స్‌చేంజిని' అని. డయల్ టోన్ వినిపిస్తుంది, బెల్లు మోగించే కరెంటు ఇస్తుంది. రెండో పక్కన మీ గొంతుని సాధారణంగా సెకనుకి 50 ప్యాకెట్లుగా కోసి బ్రాడ్‌బ్యాండ్ మీద పంపుతుంది. ఎవరికి పంపాలో, ఎప్పుడు బెల్లు మోగించాలో, ఎప్పుడు పెట్టేయాలో చెప్పుకోవడానికి సిప్ అనే భాష 1999లో ప్రమాణంగా వచ్చింది. 8,000 బిట్లలోనే గొంతుని కుదించే పద్ధతులు అప్పటికే ఉన్నాయి.

దీన్ని అమెరికా ఇళ్ళలోకి తీసుకెళ్ళింది వోనేజ్. 2002లో సర్వీసు మొదలుపెట్టింది. ఆ రోజుల్లో దాని ఆఫీసు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, అంటే మనవాళ్ళకి బాగా తెలిసిన ఊళ్ళోనే! మొదట సిస్కో తయారుచేసిన అడాప్టర్ ఇచ్చేవాళ్ళు. మామూలు ల్యాండ్‌లైన్‌కి నెల అద్దె, దాని మీద లాంగ్ డిస్టెన్స్ నిమిషాలు, కాలర్ ఐడీకి వేరే, వాయిస్‌మెయిల్‌కి వేరే. వోనేజ్ ఇవన్నీ కలిపి, కొన్నేళ్ళకి నెలకి 25 డాలర్లకి అమెరికా, కెనడా అన్‌లిమిటెడ్ అంది. ఇంకో తమాషా ఏంటంటే, మీరు ఏ ఊళ్ళో ఉన్నా వేరే ఊరి ఏరియా కోడ్ తీసుకోవచ్చు.

మన తెలుగువాళ్ళు ఈ తమాషాని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళారు. వై2కే సమయంలోనూ ఆ తర్వాతా హెచ్1బీ మీద వెళ్ళిన మొదటి తరం సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాలింగ్ కార్డులతో బతికారు. ఇండియన్ కిరాణా కొట్లో కార్డు కొనడం, వెనక వెండిపూత గీకడం, పొడుగాటి పిన్ నొక్కడం, 'మీకు 17 నిమిషాలు ఉన్నాయి' అని చెప్పి 12 నిమిషాలకే కట్ అవడం. ఆ కార్డుల్లో చాలావాటి వెనకాల నడిచిందీ ఇంటర్నెట్ ఫోనే, వాడేవాళ్ళకి తెలీదంతే. తర్వాత అడాప్టర్ వచ్చింది. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 256 కేబీపీఎస్‌తో మన ఊళ్ళలోకి రావడంతో, సెలవులకి వచ్చినవాళ్ళు సూట్‌కేసులో ఒక డబ్బా తెచ్చి అమ్మానాన్నల ఇంట్లో పెట్టి వెళ్ళేవాళ్ళు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంట్లో మోగే ఫోన్‌కి అమెరికా నంబరు! కొడుకు డాలస్ నుంచి చేస్తే అది వాడికి లోకల్ కాలో, ఫ్లాట్ రేట్ కాలో. 2009 ఆగస్టులో వోనేజ్ ఇంకో అడుగు వేసి, అదే 25 డాలర్లలో ఇండియాతో సహా 60కి పైగా దేశాలకి అన్‌లిమిటెడ్ ఇచ్చింది. ఆదివారం పొద్దున గడియారం చూసుకుంటూ మాట్లాడటం చాలా ఇళ్ళలో అక్కడితో ఆగింది.

మరి మన ప్రభుత్వం ఏం చేసింది? 1999 టెలికాం విధానంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి ఇప్పట్లో అనుమతి లేదని రాశారు. 2002 ఏప్రిల్ 1న, వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం పోయిన రోజునే, తలుపు సగం తెరిచారు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి ఓకే, కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కి ఓకే. దేశం లోపలి ఫోన్‌కి కలపడం మాత్రం కుదరదు. దీన్ని పాతకాలపు మొండితనం అని తిట్టేయడం తేలిక. కానీ ఆ రోజుల్లో పల్లెటూరి ల్యాండ్‌లైన్ నష్టాల్లో నడిచేది, దాన్ని నిలబెట్టింది ఎస్టీడీ, ఐఎస్‌డీ డబ్బులే. 2003 నుంచి 2008 దాకా ఆ నష్టం పూడ్చడానికి కాల్స్ మీద ప్రత్యేకంగా ఒక ఛార్జీ కూడా వసూలు చేశారు. న్యూజెర్సీ కొడుక్కి మిగిలిన డాలరు ఎక్కడో ఒక పల్లె ఎక్స్‌చేంజికి రాని డబ్బు. రెండు పక్కలా మనవాళ్ళే. దేశం లోపల ఇంటర్నెట్ నుంచి ఫోన్‌కి పూర్తిగా దారి ఇచ్చింది 2018లో.

అమెరికాలో గొడవ ఇంకోలా నడిచింది, కాస్త విషాదంగా. 2005లో హ్యూస్టన్‌లో ఒక ఇంట్లోకి దొంగలు చొరబడి తల్లిదండ్రుల మీద కాల్పులు జరిపారు. కూతురు 911 కొట్టింది. ఇంట్లో ఉన్నది ఇంటర్నెట్ ఫోన్, కాల్ కలవలేదు. ఆ పిల్ల పక్కింటికి పరిగెత్తాల్సి వచ్చింది. మామూలు ల్యాండ్‌లైన్ అయితే వైరు ఏ ఇంటికి వెళ్తుందో ఎక్స్‌చేంజికి తెలుసు. డబ్బాకి అడ్రస్ లేదు, ఎక్కడ ప్లగ్ చేస్తే అక్కడే దాని ఇల్లు. గుంటూరులో అమెరికా నంబరు మోగించిన అదే గుణం ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. ఆ 911 సేవ విడిగా ఆన్ చేసుకోవాలని కస్టమర్లకి సరిగ్గా చెప్పలేదంటూ టెక్సస్ అటార్నీ జనరల్ వోనేజ్ మీద కేసు వేశారు. అదే ఏడు మే నెలలో ఎఫ్‌సీసీ, నాలుగు నెలల గడువిచ్చి, ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలన్నీ 911ని లొకేషన్‌తో సహా ఇవ్వాల్సిందేనంది. సరైన ఆదేశమే, కాకపోతే ఆలస్యంగా వచ్చింది.

వోనేజ్‌కి తర్వాత కూడా సుఖం లేదు. 2006 మేలో షేర్లు 17 డాలర్లకి అమ్మితే మొదటి రోజే ధర పడింది. 2007లో పేటెంట్ల కేసులో వెరిజాన్‌కి 5.8 కోట్ల డాలర్లు కట్టమని జ్యూరీ తేల్చింది.

ఈలోగా ఇంకా చౌక డబ్బాలు దిగాయి. 2007లో ఊమా వచ్చింది. పెట్టె ఖరీదు 399 డాలర్లు, ఆ తర్వాత అమెరికాలో కాల్స్ ఫ్రీ. ప్రచారానికి నటుడు ఆష్టన్ కుచర్‌ని పెట్టుకున్నారు. అదే ఏడు మ్యాజిక్‌జాక్. ఇది యూఎస్‌బీ స్టిక్ లాంటిది, సుమారు 40 డాలర్లు, మొదటి ఏడు సర్వీసు అందులోనే, తర్వాత ఏడాదికి 20 డాలర్లు. నెలకి కాదు, ఏడాదికి! టీవీలో అర్ధరాత్రి ప్రకటనలు చూసి జనం కొన్నారు. మొదట్లో కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే పనిచేసేది, 2011లో ఆ అవసరం తీరింది.

20 డాలర్లకి ఏడాది ఎలా ఇస్తారు? మ్యాజిక్‌జాక్‌ని నడిపిన డాన్ బోరిస్‌లో తెలివి అక్కడుంది. ఆయన వైమ్యాక్స్ అనే సొంత టెలిఫోన్ కంపెనీ పెట్టాడు. రేడియో టెక్నాలజీ వైమ్యాక్స్‌కీ దీనికీ సంబంధం లేదు, పేరు అలా వినిపిస్తుందంతే. తన కస్టమర్లకి బయటి నుంచి కాల్ వస్తే, ఆ బయటి కంపెనీ నుంచి యాక్సెస్ ఛార్జీ వసూలు చేసేవాడు. అంటే మీకు కాల్ వస్తే, బిల్లు వేరేవాళ్ళకి. ఏటీ అండ్ టీ ఒప్పుకోలేదు, 2011లో ఎఫ్‌సీసీ కూడా ఆ వసూళ్ళు తప్పని తేల్చింది. అప్పటికే, 2010లో, మ్యాజిక్‌జాక్ ఇంకో కంపెనీతో విలీనమైంది. ఏ కంపెనీ? ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ వోకల్‌టెక్.

మీరు అడగొచ్చు, ఇప్పుడు ఇవన్నీ ఎవరు వాడుతున్నారు అని. ఊమా ఇప్పటికీ అమ్ముతోంది. వోనేజ్‌ని 2022లో ఎరిక్సన్ 620 కోట్ల డాలర్లకి కొనేసింది, ఇళ్ళ ఫోన్ల కోసం కాదు, కంపెనీలకి అమ్మే క్లౌడ్ సేవల కోసం. 2003లో పుట్టి అందరికీ దారి చూపిన స్కైప్‌ని 2025 మే 5న మైక్రోసాఫ్ట్ మూసేసింది.

కానీ డబ్బా పోలేదు, మారువేషం వేసింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పుడు కాల్స్ ఫ్రీ అన్నారు కదా. దానికి పాత పద్ధతి వాయిస్ నెట్‌వర్కే లేదు. ప్రతి కాల్ వోల్టీ, అంటే మీ గొంతు ప్యాకెట్లుగా కోసి డేటా మీద పోవడమే, మాట్లాడుకునే భాష అదే సిప్. మీ జేబులో ఉన్నదే ఆ అడాప్టర్. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఫైబర్‌నెట్ 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్‌తో పాటు ఫోన్ కూడా ఇచ్చింది, అదీ ఈ పద్ధతే. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఒకసారి రౌటర్ వెనక్కి తిప్పి చూడండి. ఇంటర్నెట్ కన్నాల పక్కన ఇంకాస్త చిన్న కన్నం ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అటక మీద పాత ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే దించి, ప్లాన్‌లో వాయిస్ సర్వీసు ఉంటే దానికి పెట్టి చూడండి, డయల్ టోన్ వస్తుంది. ఒక్క తేడా మాత్రం ఉంది. పాత ఫోన్‌కి కరెంటు ఎక్స్‌చేంజి నుంచి అదే వైరులో వచ్చేది, ఊరంతా చీకటైనా మోగేది. దీనికి మాత్రం రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలిపి ఉండాలి.