మలేషియా తెలుగు ఇళ్లలో భజన పిల్లలు

సైబర్‌జయ నేడు సాంకేతిక నగరంగా పేరు పొందినా, 1997లో ప్రారంభం కావడానికి ముందు ఆ సెలాంగోర్ నేల పామాయిల్ తోటలది. పక్కనే పుత్రజయ వెలసిన చోట 1921లో నెలకొన్న ప్రాంగ్ బెసార్ రబ్బరు ఎస్టేటు ఉండేది. ఎస్టేటు అంటే తోట ఒక్కటే కాదు. వరుసగా కట్టిన కూలీల లైను ఇళ్లు, బడి, గుడి కలిసిన చిన్న లోకం. మలయాకు వలసవెళ్లిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు గుడిలో పాడే ఆచారం వేళ్లూనింది అటువంటి తోటల్లోనే. ఆ ఆచారం మనుగడ పిల్లల గొంతు కంటె ఇంటి దినచర్య మీదనే ఎక్కువగా ఆధారపడింది.

తెలుగువారిలో అనేకులు విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కంగాణీల ద్వారా మలయా చేరారు. కంగాణీ అంటే సొంత ఊరివారినే కూలికి సమీకరించి, తోటలో వారిమీద మేస్త్రీగా ఉండేవాడు. అందువల్ల బంధువులు, ఇరుగుపొరుగువారు ఒకే తోటకు చేరడం మామూలైంది. సహాయంతో సాగే కూలీల వలసను భారత ప్రభుత్వం 1938లో నిషేధించేనాటికి పెరాక్‌లోని బగాన్ దాతో వంటి చోట్ల తెలుగు కుటుంబాలు స్థిరపడి, రాముడి గుళ్లు, భజన మందిరాలు కట్టుకున్నాయి.

రామభజనలో ఒకరు ముందుపాట అందుకోగా తక్కినవారు అదే చరణాన్ని తిరిగి పాడతారు. ఈ తిరుగుపాటనే వంత అంటారు. హార్మోనియం, మద్దెల పెద్దల చేతుల్లో ఉంటే, పిల్లలు తాళాలతో వంతలో కూర్చుని, అక్షరం రాకముందే చరణాన్ని, దాని లయను చెవితో పట్టేవారు. రామదాసు, త్యాగరాజు కీర్తనలను ఇలా నేర్చిన పిల్లలకు భజనే తెలుగు పాఠం కూడా అయింది. తెలుగు బడులు కొద్దిగానే ఉండి, అవి కూడా క్రమంగా మూతపడగా, చాలామంది తమిళ బడుల్లోనో మలయ్ బడుల్లోనో చదువుకున్నారు.

రబ్బరు పాలు చల్లని వేళ బాగా కారతాయి కనుక తల్లిదండ్రులు చీకటితోనే హాజరు వేయించుకుని చెట్లకు గాట్లు పెట్టడానికి వెళ్లేవారు. బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో బడి నడపాలని 1923 నాటి కార్మిక చట్టం యజమానులను ఆదేశించింది. బడి, ఇల్లు, భజన మందిరం నడక దూరంలోనే ఉండడం వల్ల, సాయంత్రం పాడబోయే పిల్లవాణ్ణి ప్రత్యేకంగా ఎవరూ తీసుకువెళ్లి తీసుకురావలసిన పని ఉండేది కాదు.

ఇంగ్లండు కేథడ్రళ్లలో, అంటే బిషప్పు పీఠమున్న ప్రధాన చర్చిల్లో, పాడే బాలుర చరిత్ర ఇందుకు భిన్నంగా సాగింది. లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్ బాలురను రాత్రి కచేరీలకు పంపి, తోడు లేకుండా వీధుల్లో వదిలేస్తున్నారని, చదువు చెప్పించడం లేదని మరియా హాకెట్ అనే మహిళ 1811 నుంచి దశాబ్దాల పాటు పోరాడింది. 1870ల్లో అక్కడ కొత్త వసతి బడి కట్టారు. వసతి ఉన్నచోట భోజనం, చదువు, సాధన సంస్థ చూసుకుంటుంది, ఇల్లు బిడ్డకు దూరమవుతుంది. పగటి బడి అయితే బిడ్డ ఇంట్లోనే ఉంటాడు గాని, ఆ బాధ్యతలో పెద్ద భాగం ఇంటి మీద పడుతుంది.

తోటల్ని ముక్కలుగా అమ్మడం, నగరాల విస్తరణ, పట్నం ఉద్యోగాలు మలేషియాలో ఆ పాత అమరికను చెదరగొట్టాయి. తోట స్థానంలో సంఘాలు, నగర సంస్థలు ముందుకు వచ్చాయి. 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘం తరువాతి కాలంలో తెలుగు సంఘంగా మారింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. శాస్త్రీయ సంగీతం, నృత్యం నేర్పే టెంపుల్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ కూడా అదే నగరంలో అదే ఏడు మొదలైంది. సైబర్‌జయ నుంచి అక్కడికి చేరాలంటే కారు గాని, 2023లో పూర్తిగా తెరుచుకున్న పుత్రజయ ఎంఆర్‌టీ రైలు మార్గం గాని కావాలి. ఒకప్పుడు లైను ఇళ్లవారందరూ కలిసి మోసిన పనిని, అంటే పాట నేర్పడం, తోడు వెళ్లడం, వేళకు అన్నం పెట్టడం, ఇప్పుడు ఒక్కొక్క ఇంటి తల్లిదండ్రులు తమ ఉద్యోగ వేళల మధ్య సర్దుకోవలసి వస్తుంది. అలా సర్దుకోగలిగిన ఇళ్లలోనే పిల్లల పాట కొనసాగుతుంది.