మౌనము వహించిన ద్వారము

కడచిన కార్తికమున మా గ్రామ గ్రంథాలయపు కంప్యూటరునుండి పింఛనుదారులము జీవనధ్రువపత్రములు పంపబోగా నవి పోలేదు. తక్కిన పుటలన్నియు చక్కగా తెఱచుకొనుచుండుటచే, దూరమందలి కార్యాలయపు యంత్రమే చెడినదని యెల్లరము నిశ్చయించితిమి. ఇంతలో మా వీథిలోని యొక వృద్ధురాలికి రెండు నెలల పింఛను నిలిచిపోయెను. నేనొక ఫిర్యాదు వ్రాసితిని. సంక్రాంతికి వచ్చిన మా మనుమడు దానిని చదివి, "తాతయ్యా, ఇప్పుడే పంపవలదు. ముందు తలుపు తట్టి చూతము" అనెను.

ఆ తట్టుట కొక చరిత్ర కలదు. కంప్యూటరునకు పోర్టులను ద్వారములు గలవు. ఇవి కంటికి గానవచ్చునవి కావు. 0 మొదలు 65,535 వఱకు గల వట్టి సంఖ్యలు. యంత్రమునుండి యంత్రమునకు ఉత్తరములు 25వ ద్వారమునను, గుప్తలిపితో సాగు వెబ్ పుటలు 443వ ద్వారమునను పోవును. 1981లో ప్రకటితమైన టి.సి.పి. నియమము ప్రకారము, తట్టినవానికి లోన సేవకుడున్నచో "రమ్ము" అనియు, లేనిచో "ఎవ్వరును లేరు, పొమ్ము" అనియు బదులు రావలెను. ఊరకుండుట మర్యాద కాదు.

1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో రాబర్టు మారిస్ అను విద్యార్థి విడిచిన పురుగు వేలకొలది యంత్రములను స్తంభింపజేసెను. అది గోడలు పగులగొట్టలేదు. ఉత్తరములకై తెఱచియుంచిన ద్వారముననే జొరబడెను. ఆ భయముతో ఫైర్‌వాల్ ప్రబలెను. 1994లో చెస్విక్, బెల్లోవిన్ అను నిరువురు దానిపై గ్రంథమే వ్రాసిరి. మంట ప్రాకకుండ కట్టు గోడ యని ఆ పదమున కర్థము. నాకీ పేరు రుచింపదు. అది చేయు పని ద్వారపాలకునిది గదా! పట్టికలో లేని సంఖ్యకై వచ్చినవానికి ఈ ద్వారపాలకుడు తఱచు బదులే చెప్పడు. పాతమర్యాద అంతటితో తీరినది.

అయితే ఆ మౌనమే వానిని పట్టియిచ్చును. 1997లో గార్డన్ లయన్ ప్రకటించిన ఎన్‌మ్యాప్ అను పరికరము నేడు ద్వారములను తెఱచినవి, మూసినవి, అడ్డగింపబడినవి యని వేఱుపఱచి చెప్పును. "పొమ్ము" అన్న మాట వచ్చినను మేలే. త్రోవ యున్నదని తెలియును. ఏ బదులును రానిచో నడుమ నెవడో నిలిచియుండెనని శంకింపవలెను. దారిలో తప్పిపోయిన ప్రశ్నకును బదులు రాదు గనుక మరల మరల తట్టవలెను. ద్వారపాలకుడే "పొమ్ము" అని బొంకుటయు కలదు. పరుల ద్వారములను అనుమతి లేక తట్టుట చోరుని పని యని మనుమడు హెచ్చరించెను.

మా కార్యాలయపు ద్వారసంఖ్య 8443. గ్రంథాలయమునుండి మూడుమార్లు తట్టగా మౌనము. అదే సంఖ్యను మనుమడు తన చేతిఫోను త్రోవను తట్టగా తత్‌క్షణమే "రమ్ము" అని వచ్చెను. కార్యాలయము నిర్దోషి! మా ద్వారపాలకుని పట్టికలో 443 కలదు గాని 8443 లేదు. గ్రంథపాలకుడు దానిని చేర్చిన సాయంత్రమే ఆ వృద్ధురాలి పత్రము పోయెను. నా ఫిర్యాదు పెట్టెలోనే యున్నది.