స్వచ్ఛంద మోడరేటర్లు: ఆన్‌లైన్ సమూహాల నిర్వహణ చరిత్ర

ఇంటర్నెట్‌లో నలుగురు చేరి మాట్లాడుకునే చోట క్రమం చూసే బాధ్యతను జీతం లేకుండా మోసే సభ్యులను స్వచ్ఛంద మోడరేటర్లు అంటారు. బూతులను, మోసపు ప్రకటనలను తీసేయడం, పక్కదారి పట్టిన చర్చను సరిదిద్దడం, మాట వినని సభ్యుణ్ని బయటికి పంపడం, కొత్తవారికి పద్ధతులు చెప్పడం వీరి పని. చోటును బట్టి సిసాప్, హోస్ట్, నిర్వాహకుడు, అడ్మిన్ అని పేర్లు మారతాయి. వీరికీ యాజమాన్యాలకూ మధ్య పెద్ద తగాదాలు దాదాపు ఎప్పుడూ ఒకే సందర్భంలో వచ్చాయి: సాఫ్ట్‌వేర్‌నో, రుసుమునో, రూపాన్నో యాజమాన్యం కొత్తగా మార్చినప్పుడు. జీతం అడిగినవారు తక్కువ. రోజూ తాము చేతపట్టే పనిముట్టును తమతో ఒక్క మాటయినా అనకుండా ఎందుకు మార్చారని నిలదీసినవారే ఎక్కువ.

యూజ్‌నెట్ కాలం

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో తలపెట్టి, మరుసటి ఏడు నడిపించిన యూజ్‌నెట్‌కు మొదట్లో కాపలా అంటూ లేదు. కంప్యూటర్లు ఫోను లైన్ల మీద ఒకదానికొకటి సందేశాలు అందించుకునేవి. రాసినదల్లా అన్ని చోట్లకూ పోయేది. రద్దీ పెరిగాక 1984లో మోడరేటర్ ఉండే న్యూస్‌గ్రూపులు వచ్చాయి. సభ్యుడు రాసినది నేరుగా గ్రూపులో పడదు, ఈమెయిల్‌గా మోడరేటర్‌కు చేరుతుంది. ఆయన చదివి, ఫరవాలేదనుకుంటే సందేశం తలభాగంలో ‘అప్రూవ్డ్’ అనే ఒక వరుస చేర్చి వదులుతాడు. ఆ వరుస ఉన్న సందేశాన్నే మిగతా యంత్రాలు గ్రూపులోకి తీసుకుంటాయి. ఉన్న తాళం అదొక్కటే. ఆ వరుసను ఎవరైనా దొంగచాటుగా చేర్చుకోవచ్చు, చేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా ఏళ్ల తరబడి ఆ ఏర్పాటు నడిచిందంటే సాంకేతికత గొప్ప ఏమీ కాదు, జనం మోడరేటర్ మాటకు ఇచ్చిన విలువ అది.

మొదట్లో ఇలాంటి గ్రూపులన్నీ ‘మోడ్’ అనే ఒకే కొమ్మ కింద ఉండాల్సి వచ్చేది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ కట్టడిని తీసేయడంతో 1986-87లో గ్రూపులకు పేర్లు మార్చి ఏడు కొమ్మలుగా సర్దారు. ఆ పని ఏ కంపెనీదీ కాదు. సందేశాల బరువు ఎక్కువగా మోసే కంప్యూటర్లను చూసుకునే కొద్దిమంది నిర్వాహకులది. వాళ్ల పెత్తనం గిట్టనివాళ్లు 1987లో ‘ఆల్ట్’ అనే వేరు కొమ్మ పెట్టుకుని తమ దారి తాము చూసుకున్నారు. నచ్చకపోతే అదే ఊళ్లో వేరు కాపురం పెట్టుకునే ఈ వెసులుబాటు తరవాతి కంపెనీ వ్యవస్థల్లో దొరకలేదు.

ఏఓఎల్ కమ్యూనిటీ లీడర్లు

1985లో కాలిఫోర్నియాలో స్టూవర్ట్ బ్రాండ్, లారీ బ్రిలియంట్ మొదలుపెట్టిన ‘ద వెల్’ అనే ఆన్‌లైన్ చర్చా వేదిక, చర్చలు నడిపే హోస్టులకు ఖాతా ఉచితంగా ఇచ్చేది. అమెరికా ఆన్‌లైన్, అంటే ఏఓఎల్, ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేసింది. 1990ల నడుమ ఏఓఎల్‌లో నెలకు 9.95 డాలర్లకు 5 గంటలు, ఆ పైన గంట గంటకూ 2.95 డాలర్లు. సాయంత్రాలు చాట్ గదుల్లో గడిపే మనిషికి బిల్లు తడిసి మోపెడయ్యేది. కమ్యూనిటీ లీడర్‌గా చేరితే ఆ బిల్లు ఉండదు. బదులుగా శిక్షణ తీసుకోవాలి, వారానికి కనీసం 4 గంటలు పనిచేయాలి, చేసిన పనికి లెక్క అప్పజెప్పాలి. ఒక దశలో వీరి సంఖ్య సుమారు 14,000.

1996 డిసెంబరులో ఏఓఎల్ గంటల లెక్క మానేసి, నెలకు 19.95 డాలర్లు కడితే ఎంతసేపైనా వాడుకోవచ్చంది. మామూలు వినియోగదారులకు అది పండగే. లీడర్ల విషయంలో మాత్రం బేరం రాత్రికి రాత్రి తలకిందులైంది: వందల డాలర్ల విలువ చేసే సౌకర్యం ఇరవై డాలర్లకు దిగింది, చాకిరీ మాత్రం అంతే ఉంది. హాజరూ శిక్షణా వేళలూ అన్నీ ఉద్యోగం లాగే ఉన్నప్పుడు కనీస వేతనం ఎందుకివ్వరంటూ 1999 మేలో మాజీ లీడర్లు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. కార్మిక శాఖ కూడా ఆరా తీసింది. ఏఓఎల్ 2005లో ఈ పథకాన్ని ఎత్తేసింది. దావా 2010లో కోటిన్నర డాలర్ల రాజీతో ముగిసే దశకు వచ్చింది. ఆ తరవాత వచ్చిన కంపెనీలు దీన్నుంచి నేర్చుకున్నది ఒక్కటే: మోడరేటర్‌కు గంటలు, షిఫ్టులు, చిన్నపాటి ప్రతిఫలాలు పెట్టవద్దు. పని తగ్గించాలని ఎవరికీ తోచినట్టు లేదు.

సాంకేతిక వార్తల సైటు స్లాష్‌డాట్ వ్యవస్థాపకుడు రాబ్ మాల్డా వేరే దారి పట్టాడు. మొదట వ్యాఖ్యలు తనే చూసుకుని, తరవాత 25 మందికి, ఆపైన 400 మందికి అప్పగించి, 1999లో ఏకంగా మామూలు సభ్యులకే వంతులవారీగా ఐదేసి మార్కులు వేసే హక్కు ఇచ్చాడు. ఆ మార్కులు సబబుగా వేశారో లేదో చూడడానికి ఇంకొందరు.

వికీపీడియా: సంపాదకులు, సంస్థ

2001లో మొదలైన వికీపీడియాలో నిర్వాహకులను సభ్యులే ఎన్నుకుంటారు. నిర్వాహకుడంటే అదేదో గొప్ప హోదా కాదని స్థాపకుడు జిమ్మీ వేల్స్ 2003లోనే అన్నా, కాలక్రమంలో అది గట్టి పరీక్షగానే తయారైంది. సర్వర్లు, సాఫ్ట్‌వేర్ వికీమీడియా ఫౌండేషన్‌వి. వ్యాసాలు, కట్టుబాట్లు సభ్యులవి. హద్దురాయి ఎక్కడుందో చాలా ఏళ్లు ఎవరూ అడగలేదు.

2013 జులైలో ఫౌండేషన్ ‘విజువల్ ఎడిటర్’ను ఆంగ్ల వికీపీడియాలో ఖాతా ఉన్నవారందరికీ పెట్టింది. వికీ సంకేతాలు రాని కొత్తవారికి అది మేలే, కానీ అప్పటికది నెమ్మది, తప్పులు ఎక్కువ. ఆ తప్పుల్ని ఏరే పని పాతకాపుల నెత్తిన పడింది. సెప్టెంబరులో ఒక నిర్వాహకుడు సైటు కోడ్ మార్చి, అడిగినవారికే అది కనిపించేలా చేశాడు, ఫౌండేషన్ సర్దుకుపోయింది. మరుసటి ఏడు సర్దుకుపోలేదు. బొమ్మలు చూపే ‘మీడియా వ్యూయర్’ వద్దని జర్మన్ వికీపీడియన్లు ఓటు వేసి, 2014 ఆగస్టులో ఒక నిర్వాహకుడు దాన్ని ఆపగా, ఫౌండేషన్ ‘సూపర్‌ప్రొటెక్ట్’ అనే కొత్త తాళం తెచ్చి ఆ పేజీకి వేసింది. ఎన్నికైన నిర్వాహకులు కూడా తీయలేని తాళం అది. వందల మంది సంతకాలతో నిరసన లేఖ వెళ్లింది. 2015 నవంబరులో తాళాన్ని తీసేశారు. బొమ్మల పెట్టె సంగతి జనం మరిచారు గానీ తాళం సంగతి మరవలేదు.

2020లో మొదలైన కొత్త రూపం ‘వెక్టర్ 2022’ను మాత్రం ఫౌండేషన్ ముందు కొన్ని భాషల వికీల్లో పరీక్షించి, అభ్యంతరాలు విని, 2023 జనవరిలో ఆంగ్ల వికీకి తెచ్చింది. పాత రూపం కావాలన్నవారికి అభిరుచుల్లో అది ఇప్పటికీ ఉంది. అలకలు లేవని కాదు. వ్యవహారం తెగేదాకా పోలేదు.

తెలుగువారి సమూహాలు

యూజ్‌నెట్‌లో ‘సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు’ గ్రూపు ప్రవాస తెలుగువారి తొలి కూడళ్లలో ఒకటి. యూనికోడ్ లేని రోజుల్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. తరవాత సాహిత్య చర్చలు యాహూ గ్రూప్స్‌కు మళ్లాయి. ‘రచ్చబండ’ గుంపు అక్కడిదే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా తన సమావేశ స్థలానికి రచ్చబండ అనే పేరు పెట్టుకుంది. అక్కడ నిర్వాహక హోదాకు విజ్ఞప్తి వస్తే తోటి సభ్యులు ఓటేసి తేలుస్తారు.

యాహూ గ్రూప్స్ కథ వేరుగా ముగిసింది. మార్క్ ఫ్లెచర్ పెట్టిన వన్‌లిస్ట్ ఈగ్రూప్స్‌లో కలిసింది, ఈగ్రూప్స్‌ను 2000లో యాహూ కొన్నది. 2013లో రూపం మార్చినప్పుడు పాత సదుపాయాలు పోయాయని గుంపుల యజమానులు మొత్తుకున్నారు. 2019 అక్టోబరులో పాత సందేశాలు, ఫైళ్లు తుడిచేస్తామని కంపెనీ ప్రకటించింది. ఏళ్లుగా కూడబెట్టిన భాండాగారాన్ని దించుకోవడానికి స్వచ్ఛంద నిర్వాహకులకు మిగిలింది కొన్ని నెలలే. 2020 డిసెంబరు 15న సేవ పూర్తిగా ఆగింది. పోయిన వాటిలో తెలుగు రాతలూ ఉన్నాయి. చాలా గుంపులు చివరికి ఫ్లెచరే 2014లో పెట్టిన గ్రూప్స్ డాట్ ఐఓలో తలదాచుకున్నాయి.

నేడు తెలుగునాట మోడరేటర్ అంటే వాట్సాప్ గ్రూపు అడ్మినే. ఇతర సభ్యుల సందేశాన్ని అందరికీ చెరిపే హక్కు ఆయనకు 2022లో గానీ రాలేదు. సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ని చేయలేరని కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చిందీ అదే ఏడు.

రెడిట్

2005లో స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ స్థాపించిన రెడిట్‌లో 2008 నుంచి సభ్యులే సొంత విభాగాలు పెట్టుకుని నడుపుతున్నారు. కంపెనీ ఇవ్వని పనిముట్లను మోడరేటర్లే తయారుచేసుకున్నారు. నియమాలు రాసిపెడితే చెత్తను తనంతట తానే తీసేసే ‘ఆటోమోడరేటర్’ ఒక మోడరేటర్ సొంతంగా రాసినది. 2015లో గానీ అది రెడిట్‌లో భాగం కాలేదు. అదే ఏడు జులైలో, ప్రముఖులతో ముఖాముఖీలు నడిపించే ఉద్యోగినిని చెప్పాపెట్టకుండా తీసేయడంతో వందల విభాగాలు తలుపులు మూసుకున్నాయి. సీఈఓ ఎలెన్ పావ్ క్షమాపణ చెప్పి, కొద్ది రోజుల్లో రాజీనామా చేశారు. 2018లో సైటు రూపం పూర్తిగా మారినా పాత రూపాన్ని వేరే చిరునామాలో ఉంచేశారు. సమ్మె జరగలేదు.

2023 ఏప్రిల్‌లో కంపెనీ బయటి యాప్‌లు తన సమాచారాన్ని వాడుకుంటే ధర కట్టాలంది. ఆ తరవాత ధర ఎంతో చెప్పింది: యాప్ పంపే వెయ్యి విన్నపాలకు 24 సెంట్లు. ఆ లెక్కన ‘అపోలో’ యాప్ ఏడాదికి 2 కోట్ల డాలర్లు కట్టాలి. ఫోనులో మోడరేషన్ చేసేవారికి అప్పటి అధికారిక యాప్‌లో పని సరిగా సాగేది కాదు. చూపులేనివారి విభాగాన్ని నడిపేవారికి అది మరీ కష్టంగా ఉండేది. జూన్ 12న 8,000కు పైగా విభాగాలు మూతపడ్డాయి. చూపులేనివారికి పనికొచ్చే కొన్ని యాప్‌లకు కంపెనీ మినహాయింపు ఇచ్చింది గానీ ధర తగ్గించలేదు. తెరవకపోతే కొత్తవారిని పెడతామని మోడరేటర్లకు సందేశాలు పంపింది. బొమ్మల విభాగం ఒకటి తెరుచుకుని, హాస్యనటుడు జాన్ ఆలివర్ ఫోటోలు తప్ప మరేవీ ఒప్పుకోమని నిరసన తెలిపింది. అపోలో జూన్ 30న ఆగిపోయింది.

నార్త్‌వెస్టర్న్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం రెడిట్ మోడరేటర్లు అందరూ కలిసి రోజుకు కనీసం 466 గంటలు పనిచేసేవారు. ఏడాదికి దాని విలువ 34 లక్షల డాలర్లు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో మోడరేటర్లు కూడా 2023 జూన్‌లోనే, కృత్రిమ మేధ రాసిన జవాబులను తీసేయనివ్వడం లేదని సమ్మెకు దిగారు. అక్కడ రెండు నెలల చర్చలతో ఒప్పందం కుదిరింది.

2024 మార్చిలో రెడిట్ స్టాక్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు మోడరేటర్లకూ ఒక అవకాశం ఇచ్చింది: మార్కెట్ ధరకు కాదు, విడుదల ధర 34 డాలర్లకే షేర్లు కొనుక్కోవచ్చని. ఆ సెప్టెంబరు 30న ఇంకో నియమం తెచ్చింది. కంపెనీ అనుమతి లేకుండా మోడరేటర్ ఇప్పుడు తన విభాగాన్ని జనానికి మూసేయలేడు.