మున్సిఫ్ కోర్టు: ఏది తేల్చగలదు, ఏది తేల్చలేదు

మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో మున్సిఫ్ కోర్టుకు పునాది పడింది 1816లో. జిల్లా జడ్జి ముందు చిన్న చిన్న దావాలు గుట్టలుగా పేరుకుపోవడంతో, థామస్ మన్రో నాయకత్వంలోని కమిషన్ చేసిన సూచనల మేరకు ఆ ఏడాది కొత్త రెగ్యులేషన్లు వచ్చాయి. గ్రామ మునసబు 10 రూపాయల వరకు, జిల్లా మున్సిఫు 200 రూపాయల వరకు దావాలు విని తీర్పు చెప్పవచ్చునన్నారు. న్యాయం రైతు గడపకు దగ్గరగా ఉండాలి, కానీ ఆ దగ్గరి న్యాయాధికారి చేతిలో ఉండే అధికారానికి హద్దు ఉండాలి అన్నదే ఆ ఏర్పాటులోని ఉద్దేశం.

1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం ఈ కోర్టులను మరింత స్థిరపరిచింది. తెలంగాణ ప్రాంతం ఉన్న నైజాం రాజ్యంలో మున్సిఫ్ అదాలత్‌లు ఉర్దూలో నడిచేవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేర్వేరు చట్టాల స్థానంలో 1972లో ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం వచ్చింది. గ్రామ మునసబు పదవి 1984లో రద్దయింది. జిల్లా మున్సిఫు ఆ తరువాత జూనియర్ సివిల్ జడ్జి అయినా, కక్షిదారుల నోట మాత్రం ఆ కోర్టు నేటికీ మున్సిఫ్ కోర్టే. ఒకనాడు వందల్లో ఉన్న పరిమితి సవరణల మీద సవరణలతో ఇప్పుడు లక్షల రూపాయలకు చేరింది.

ఈ కోర్టుకు ఎల్లలు మూడు: స్థలం, విలువ, విషయం. స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్న చోటే వేయాలి. బాకీ దావా అయితే ప్రతివాది నివసించే చోటనో, లావాదేవీ జరిగిన చోటనో వేయవచ్చు. ఇక విలువ సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షన్ ప్రకారం ప్రతి దావానూ దాన్ని విచారించగల కోర్టుల్లో కిందిస్థాయి కోర్టులోనే దాఖలు చేయాలి. అందువల్ల చిన్న దావాను నేరుగా జిల్లా కోర్టుకు తీసుకుపోవడం కుదరదు.

విలువ అంటే భూమి ధర ఒక్కటే కాదు. వాది ఏం కోరుతున్నాడన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. దావా అర్జీలో దీనికోసమే ఒక పేరా ఉంటుంది. కోరిన ఉపశమనాన్ని ఎంతకు విలువ కట్టారు, కోర్టు ఫీజు ఏ సెక్షన్ కింద ఎంత చెల్లించారు అన్నది అందులో రాస్తారు. చివర షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఇస్తారు. హక్కు తేల్చమనకుండా, స్వాధీనానికి ఆటంకం కలిగించవద్దని మాత్రమే ఇంజంక్షన్ కోరితే, ఖరీదైన భూమి మీది తగాదా కూడా మున్సిఫ్ కోర్టులోనే నడవవచ్చు. అయితే దీనికీ ఒక మేర ఉంది. వరంగల్ నుంచి వెళ్లిన ఒక దావాలో 2008లో సుప్రీంకోర్టు దాన్ని వివరించింది. వాది హక్కు మీద గట్టి సందేహం ఉంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు ప్రకటన కోరాలి. స్వాధీనం లేకపోతే స్వాధీనం కూడా కోరాలి. అలా కోరినప్పుడు విలువ పెరిగి, దావా పైకోర్టు పరిధిలోకి వెళ్లవచ్చు.

ప్రామిసరీ నోటు బాకీలు, గట్టు తగాదాలు, దారి హక్కులు, పరిమితిలోపు భాగపంపిణీలు ఈ కోర్టు నిత్య వ్యవహారాలు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలు చట్టం కింద స్పెషల్ ఆఫీసరుగా కౌలుదారు, భూస్వాముల వివాదాలు తేల్చిందీ ఈ జడ్జే. హిందూ వివాహ చట్టం కింద విడాకులు మాత్రం ఈ కోర్టు ఇవ్వలేదు. మోటారు ప్రమాద పరిహారం ట్రిబ్యునల్ చూస్తుంది. మొండి బాకీల వసూలుకు ఉద్దేశించిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు తీసుకునే చర్యలను ఆపడానికి సివిల్ కోర్టుకు సాధారణంగా వీలు లేదు. రిట్లు జారీ చేసే అధికారం హైకోర్టుది. ఒక చట్టం రాజ్యాంగానికి విరుద్ధమా అన్న ప్రశ్న కేసులో తప్పనిసరిగా ఎదురైతే, మున్సిఫు దాన్ని తానే కొట్టివేయడానికి లేదు. తన అభిప్రాయం, కారణాలు రాసి సివిల్ ప్రొసీజర్ కోడ్ 113వ సెక్షన్ కింద హైకోర్టుకు నివేదించాలి.

క్రిమినల్ వైపు ఇదే అధికారి చాలాచోట్ల ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. సమాజ సేవ చేయమనీ ఆదేశించవచ్చు. హత్య కేసు ముందు ఇక్కడికే వచ్చినా, విచారణకు సెషన్స్ కోర్టుకు పంపవలసిందే.

పరిధి దాటిన దావాను కోర్టు కొట్టివేయదు, వాపసు చేస్తుంది. దాఖలైన తేదీ, వాపసు తేదీ, వేసినవారి పేరు, కారణం అర్జీ మీదే రాసి జడ్జి సంతకం చేస్తారు. వాది దాన్ని సరైన కోర్టులో మళ్లీ దాఖలు చేసుకోవచ్చు. సద్బుద్ధితో, శ్రద్ధగా నడిపిన వ్యాజ్యమైతే పొరపాటు కోర్టులో గడిచిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ కింద మినహాయిస్తారు. స్థలం, విలువలపై అభ్యంతరాన్ని ప్రతివాది మొదట్లోనే చెప్పాలి. తీర్పు వచ్చాక అప్పీలులో కొత్తగా లేవనెత్తితే, అన్యాయం జరిగిందని చూపనిదే చెల్లదు. విషయ పరిధి అలాంటిది కాదు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నా లేని అధికారం కోర్టుకు రాదు. అలా ఇచ్చిన డిక్రీ చెల్లదు.

మున్సిఫు తీర్పుపై మొదటి అప్పీలులో వాస్తవాలూ చట్టమూ రెండూ చర్చకు వస్తాయి. హైకోర్టులో రెండో అప్పీలు ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే. 25,000 రూపాయలు మించని బాకీ దావాలో రెండో అప్పీలే లేదు. పరిధిలో ఉన్నంతవరకు ఈ కోర్టు మాటకు ఉన్న బలం తక్కువేమీ కాదు. 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్‌కు చేర్చిన ఎనిమిదో వివరణ ప్రకారం, పరిమిత అధికారం గల కోర్టు తన పరిధిలోని అంశాన్ని అంతిమంగా తేల్చితే, అదే పక్షాల మధ్య తర్వాత వచ్చే దావాను విచారించే శక్తి దానికి లేకపోయినా, ఆ అంశాన్ని పైకోర్టులో మళ్లీ తవ్వడానికి వీల్లేదు.